జున్నుపాలు అయిపోయాయా?

మా కింది అపార్ట్‌మెంట్‌లో నలుగురు ఆడపిల్లలు కలిసి ఉంటారు. మాస్టర్స్ చదువుతున్నారు. అందులో ఒక పిల్ల మొన్న శనివారం మధ్యాహ్నం రెండు సీసాలు పట్టుకుని మెట్లెక్కి పరిగెత్తుకొచ్చింది.

"ఆంటీ, చెప్తే నమ్మరు. జున్నుపాలు!"

ఫ్రెండ్స్‌తో కలిసి ఊరి బయటికి డ్రైవ్‌కి వెళ్ళారట. గుడ్లు కొందామని దారిలో ఒక ఫార్మ్ దగ్గర కారాపారట. అక్కడ అప్పుడే పుట్టిన దూడ కనబడితే, మా ఇళ్ళల్లో ఈ పాలతో స్వీట్ చేస్తామని ఈ పిల్ల ఫోన్‌లో బొమ్మ చూపించి మరీ చెప్పిందట. అక్కడి పెద్దావిడ నవ్వి రెండు సీసాలు నింపి ఇచ్చింది. ఒకటి ఆవు ఈనిన రోజు తీసి ఫ్రిజ్‌లో ఉంచినవి, ఇంకోటి ఆ పొద్దుట తీసినవి.

"డబ్బులిస్తే తీసుకోలేదాంటీ. దీన్ని అమ్మం, ఇస్తాం అంది."

మొదటి సీసా మూత తీశాను. చిక్కగా, పసుపు కలిపినట్టు ఉన్నాయి పాలు. బెల్లం తరిగాను. మిరియాలు, యాలకులు దంచాను. కుక్కర్‌కి వెయిట్ పెట్టకుండా ఆవిరి మీద ఉంచాను. మా మనవడు వచ్చి గిన్నెలోకి తొంగిచూసి, "అమ్మమ్మా, వై ఈజ్ ఇట్ ఎల్లో?" అని ముక్కు మూసుకుని పోయాడు.

ఆ పిల్ల స్టూలు మీద కూర్చుని మాట్లాడుతూనే ఉంది. "పాపం ఆంటీ వాళ్ళు. వాళ్ళ పాలన్నీ కో-ఆపరేటివ్‌కి పోస్తారంట. నెక్స్ట్ మంత్ నుంచి ఆ ట్రక్ వాళ్ళ రోడ్డుకి రాదంట. దూరం, ఆవులు తక్కువ, వర్కవుట్ అవట్లేదు అన్నారంట. ఆవుల్ని అమ్మేస్తున్నారు. ఇదే లాస్ట్ దూడ అంది."

"కో-ఆపరేటివ్ అంటే?" అన్నాను, తెలిసే.

"అంటే... అందరూ కలిసి పాలు పోస్తారు. కంపెనీ కూడా వాళ్ళందరిదే."

"సంఘం," అన్నాను.

అప్పటికి ఆవిరి లేచింది. బెల్లం, మిరియం, పచ్చిపాల నీచు కలిసిన ఆ వాసన వంటగదంతా నిండింది. నేను గోడ పట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. ఆ పిల్ల కంగారుపడి నీళ్ళు తెచ్చింది.

నాకు అక్షరాలు వచ్చింది ఈ దేశంలోనే. ఆదివారం పిల్లల తెలుగు బడికి మనవణ్ణి తీసుకెళ్ళి, వెనక కుర్చీలో కూర్చుని వాడితో పాటు నేనూ దిద్దాను. వాడు మానేశాడు, నేను మానలేదు. చిన్నప్పుడు బడి ఎందుకు మానానో రాయాలంటే మా గేదె గురించి రాయాలి.

మాది ఊరి చివరి వీధి. మా చేతి నీళ్ళు ఊళ్ళో ఎవరూ తాగేవాళ్ళు కారు. ఊళ్ళోవాళ్ళ గేదెల్ని కడిగింది మేమే, మేపింది మేమే. చూడి కట్టిందో లేదో దూరం నుంచి నడక చూసి చెప్పగలిగిందీ మావాళ్ళే. కానీ పొదుగు దగ్గరికి మా చెయ్యి పోకూడదు. పేడ మాది, పాలు వాళ్ళవి.

అలాంటి ఊళ్ళో ఆడవాళ్ళ పాల సంఘం పెట్టారు. పట్నం నుంచి వచ్చిన పాల ఆఫీసరు, "సంఘమంటే ఊరంతా. ఒక వీధిని వదిలేస్తే వ్యాను రాదు," అని తేల్చి చెప్పాడు. అలా మా వీధిలో నాలుగిళ్ళకి సంఘం తరఫున గేదెలు వచ్చాయి.

గేదెలు వచ్చిన రోజునుంచే గొడవ మొదలైంది. అందరి పాలూ పోసేది ఒకటే క్యాను. మా పాలు అందులో ఎలా పోస్తారు? వాళ్ళకి వేరే క్యాను పెట్టండన్నారు. వేరే క్యాను రాదన్నాడు ఆఫీసరు. రెండ్రోజులు ఎవరూ పాలు పొయ్యలేదు. చివరికి సంఘం ప్రెసిడెంటమ్మ అత్తగారు, నోట్లో పళ్ళు లేని ముసలావిడ, అరుగు మీదనుంచే తీర్పు చెప్పింది.

"ఏందే మీ గోల? తాగేది పట్నమోళ్ళు గాని మనమా? పొయ్యండి!"

దాంతో గొడవ తీరిపోయింది.

ప్రెసిడెంటమ్మ నోరు తెరవడం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ పేరున ఆవిడ మొగుడే అన్నీ మాట్లాడేవాడు. పాలు కొలిచేది మాత్రం సెక్రటరమ్మ. చదువుకున్న మనిషి, మాట మెత్తన. తెల్లవారక ముందే లాంతరు పెట్టుకుని కూర్చునేది. సంఘం వసారాలో పులిసిన పాల వాసన, క్యాను ఇనుము వాసన, దూరంగా వ్యాను వస్తుంటే డీజిలు వాసన. మా వీధి పిల్లలం చీకట్లో గోడవారగా నక్కి ఉండేవాళ్ళం. వ్యాను ఎక్కించేముందు క్యాను మూతకంటిన నురగని వేలితో గీకి నాక్కోవాలని. సెక్రటరమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది. డ్రైవరు మాత్రం, "పోండి పిల్లుల్లారా!" అని తువ్వాలు విసిరేవాడు.

మిగతా మూడిళ్ళకీ పాలిచ్చే గేదెలు వచ్చాయి. మాకు చూడిగేదె వచ్చింది. నాన్న నేను చంకపిల్లగా ఉన్నప్పుడే పోయాడు. ఇంట్లో అమ్మ, నాయనమ్మ, నేను. అమ్మ కూలికి పోవాలి, నాయనమ్మకి మోకాళ్ళు లేవవు. గేదెని మేపడానికి మిగిలింది నేనే. పలక గోడకి తగిలించేసి కర్ర పట్టుకున్నాను. అప్పుడు ఏడవలేదు. గేదె మీద ఎక్కి వాగులో దిగడం బడికంటే బాగుండేది. దాని వీపు తడిసినప్పుడు వచ్చే వాసన, జనుము కట్టల వాసన, నాయనమ్మ తవుడు కలిపిన కుడితి వాసన నాకు ఇప్పటికీ గుర్తే.

అమ్మ నడకే మారిపోయింది. కూలినుంచి వచ్చి అన్నం సంగతి చూడకుండా గేదె మెడ నిమిరేది. నాయనమ్మ ఊరుకునేది కాదు.

"గేదెకేగా కొమ్ములొచ్చింది, నీక్కూడా వచ్చినయ్యా? పొయ్యి మీద జొన్న సంకటి మాడతంది."

"నువ్వు కూర్చునే ఉన్నావుగా, దించొచ్చుగా!"

"నేను ముసలిదాన్ని. గేదెగలదాన్ని కాదు."

ఊళ్ళో ఎవరి గేదె ఈనినా జున్ను వండి ఇంటింటికీ పంచడం ఆచారం. గిన్నెలో జున్ను వచ్చిందంటే ఆ ఇంట్లో దూడ పుట్టిందని అర్థం. ఆ గిన్నెలు మా వీధి మొదట్లోనే ఆగిపోయేవి. ఆ దొడ్లలో పేడ తీస్తుంటే ఆవిరి వాసన తగిలేది. మాకు జున్ను వాసన తెలుసు, రుచి తెలియదు.

అమ్మ అనేది: "మనది ఈనితే ఊరంతా పంచుతా. ఒకే క్యానులో పోసేవాళ్ళం, ఒక గిన్నెడు జున్ను తినరా?"

"క్యానుకి కులం లేదే పిచ్చిదానా," అంది నాయనమ్మ. "గిన్నెకుంది."

చలి మొదలైన రోజుల్లో మా గేదె ఈనింది. పెయ్యదూడ. ఎదురింటి పెద్దమ్మ వచ్చి దూడ నోట్లో, ముక్కులో జిగురు తుడిచి నిలబెట్టింది. పాలు అమ్మే పితికింది. పచ్చగా, సాగుతూ వచ్చాయి. జున్ను ఎలా వండాలో అమ్మకి ఎవరూ చెప్పలేదు. దొడ్లో పీల్చిన వాసనని బట్టి బెల్లమూ మిరియాలూ వేసింది. కుండలో నీళ్ళు పోసి, గడ్డి పరిచి, పైన గిన్నె పెట్టి ఆవిరి పట్టింది. గట్టిగా బిళ్ళలా తేలింది. మొదటి ముద్ద నాయనమ్మ నోట్లో పెట్టింది. నాయనమ్మ కళ్ళు మూసుకుని చాలాసేపు చప్పరించింది. "ఇంతేనా?" అంది. మళ్ళీ చెయ్యి చాపింది.

నా చేత ఇంటింటికీ గిన్నెలు పంపింది అమ్మ. సంఘంలో పాలు పోసే ఇళ్ళన్నిటికీ. ఎవరూ కసరలేదు. "ఆ అరుగు మీద పెట్టి పోవే," అన్నారంతే. ఒకావిడ, "మీ అమ్మకెందుకే ఈ శ్రమ," అని నవ్వింది కూడా. నేను గెంతుకుంటూ ఇంటికొచ్చి చెప్పాను, అందరూ తీసుకున్నారని.

మర్నాడు గేదెని తోలుకుపోతుంటే మా వీధి మొదట్లో గిన్నెలు వరసగా ఉన్నాయి. పెట్టిన జున్ను పెట్టినట్టే ఉంది. చీమలు పట్టాయి, కాకులు పొడుస్తున్నాయి. ఒక్క గిన్నె మాత్రం కడిగి బోర్లించి ఉంది. అది సెక్రటరమ్మకి పంపింది. తిన్నదో పారేసిందో మాకు తెలియలేదు. అమ్మ ఆ గిన్నెలన్నీ ఒళ్ళో వేసుకుని తెచ్చి, బూడిదతో తోమి చూరులో పెట్టింది.

ఆ మర్నాటి పొద్దున పాలు పితికి, లాంతరు ముందు చెంబు వంచి నాకు చూపించింది. "చూడవే, ఎంత చిక్కగున్నయ్యో. ఎవరి పాలు ఇంత చిక్కగున్నయ్యి? వెన్న ఎంత పడుద్దో చూడు!"

సంఘంలో పాలకి విలువ కట్టేది వెన్నని బట్టి. చిక్కటి పాలంటే మంచి పాలు. అమ్మకి తెలిసిన పాడి అంతే. జున్నుపాలంటే ఈనగానే పితికే మొదటి పాలని, అవి అయిపోతే తర్వాతవి మామూలు పాలేనని అనుకుంది. రోజులు గడిచినా పాలు తేటపడేదాకా కాచి చూసుకోవాలని, ఆ పాలు గ్లాసెడు పడితే క్యానెడు పాలు పొయ్యి మీద విరిగిపోతాయని ఆమెకి తెలియదు. పొదుగు దగ్గరికి ఎన్నడూ రానివ్వని మనుషులకి ఎలా తెలుస్తుంది?

సెక్రటరమ్మ చెంబు అందుకుంటూ అడిగింది. నేను పక్కనే ఉన్నాను.

"జున్నుపాలు అయిపోయాయా?"

"అయిపోయినయ్యమ్మా," అంది అమ్మ. కొత్తగా సంఘంలో పాలు పోస్తున్న గర్వంతో నవ్వుతూ అంది.

పొద్దెక్కాక, ఎప్పుడూ రాని వేళలో వ్యాను తిరిగొచ్చింది. డ్రైవరు క్యానుని ఈడ్చి ప్రెసిడెంటమ్మ ఇంటి ముందు మురిక్కాలవలో ఒంపేశాడు. పాలకేంద్రంలో కాచి చూస్తే విరిగిపోయాయట. అంతకుముందు ఎండాకాలంలో వ్యాను ఆలస్యమై ఒకసారి పాలు పులిశాయి. అప్పుడే చెప్పారు, ఇంకోసారి జరిగితే వ్యాను మా ఊరు తిరగదని. ఇప్పుడు, ఎవరు చేశారో తేల్చండి, తేలిందాకా వ్యాను రాదన్నారు. తెల్లటి పాలు కాలవలో బురదతో కలిసి మా వీధి వైపుకే పారాయి. కుక్కలు నాకాయి. ఆ పులుపు కంపు చాలా రోజులు వదల్లేదు.

సాయంత్రం సంఘం వసారాలో మీటింగ్. ఆఫీసరు కుర్చీలో, ప్రెసిడెంటమ్మ మొగుడు పక్కన. ఊళ్ళో ఆడవాళ్ళు ఒక పక్క. మా వీధి ఆడవాళ్ళు కింద, గోడవారగా. నేను అమ్మ కొంగు పట్టుకుని ఉన్నాను.

సెక్రటరమ్మ తల వంచుకునే చెప్పింది. "నేనడిగాను. జున్నుపాలు అయిపోయాయా అని అడిగాను. అయిపోయాయంది."

ప్రెసిడెంటమ్మ మొగుడు గొంతు సవరించుకున్నాడు. కోపంగా లేడు. దానికే నాకు భయమేసింది.

"ఏమ్మే, తెలిసి పోశావా, తెలియక పోశావా?"

అమ్మ ఆఫీసరు వంక చూసింది.

"తెలియకంటే తెలియకనే చెప్పు. నీ తప్పేం లేదు. మీ వీధోళ్ళకి పాడి తెలియదని నేను మొదట్నుంచీ మొత్తుకుంటానే ఉన్నా. అయ్యా ఆఫీసరుగారూ, ఇన్నారుగా? పాడి తెలియని వాళ్ళ చేతికి గేదెలిస్తే ఇట్టాగే ఉంటది. ఆ నాలుగూ వెనక్కి తోలిద్దాం, ఊరు బాగుపడుద్ది. తెలిసే పోసిందంటారా, అది వేరు. ఆ ఒక్కదాన్నే తీసేద్దాం. చెప్పవే. ఏది?"

అమ్మ గోడవారకి చూసింది. ఎదురింటి పెద్దమ్మ ఒళ్ళో పసిదానికి పాలిస్తోంది. ఆమె గేదె ఆ నెలనుంచే రోజూ నిండు చెంబు ఇస్తోంది. ఇంకో పిన్ని నోట్లో కొంగు కుక్కుకుని ఉంది. ఎవరూ అమ్మ కళ్ళల్లోకి చూడలేదు.

"తెలుసు," అంది అమ్మ. "జున్నుపాలేనని తెలుసు. అయిపోయినయ్యని అబద్ధమాడా."

పెద్దమ్మ తలెత్తింది. "అదేందే, నువ్వు—"

"నువ్వు నోర్మూసుకో అక్కా! నా గేదె, నా పాలు."

అటుపక్కనుంచి ఎవరో ఉమ్మేశారు. "మనం జున్ను తినలేదని కడుపుమంట," అంది ఒక గొంతు. "దొంగముండ," అంది ఇంకో గొంతు. ఆఫీసరు ఏదో రాసుకుని లేచాడు. నేను నోరు తెరిచాను, అమ్మ పొద్దున చెంబు వంచి చూపించిన సంగతి చెప్పాలని. అమ్మ నా మణికట్టు ఎంత గట్టిగా పట్టుకుందంటే, గాజు విరిగి గుచ్చుకుంది.

ఇంటికొచ్చాక నాయనమ్మ నెత్తి కొట్టుకుంది. "తెలీదని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయిందే?"

"తెలీదంటే నలుగురి గేదెలూ పోతయి. తెలుసంటే ఒక్కటే పోద్ది." అమ్మ పొయ్యి ఊదుతూ చెప్పింది. పొగకి కళ్ళు తుడుచుకుంది.

జున్నుపాలు అయిపోయాయనడం అబద్ధం కాదు, అమ్మ నమ్మిన మాట. అబద్ధమాడానని చెప్పడమే అబద్ధం.

రెండ్రోజులకి మా గేదెని తోలుకుపోయారు. దూడ వెనకాలే పరిగెత్తింది. గేదె వీధి మలుపులో ఆగి ఒకసారి అరిచింది. తోలేవాడు తోక మెలిపెట్టాడు. ఆ తర్వాత కూడా నాయనమ్మ బియ్యం కడుగు, గంజి, తవుడు కుడితితొట్టిలో పోస్తూనే ఉండేది. అది పులిసి పురుగులు పట్టేదాకా పోసింది. ఒకరోజు అమ్మ తొట్టిని బోర్లించేసింది. ఆ ఎండాకాలం నాయనమ్మ మంచం పట్టి మళ్ళీ లేవలేదు.

నేను తిరిగి బడికి పోలేదు. గేదె ఉందని మానిన బడి, గేదె పోయిందని తెరుచుకోలేదు. అమ్మతో కలుపు తీయడానికి పోయాను. చేలో మాకు కొత్త పేరు వచ్చింది. అమ్మ జున్నుపాలది, నేను జున్నుపాలదాని కూతుర్ని. మా వీధివాళ్ళు కూడా, నలుగురిలో ఉన్నప్పుడు, మాతో మాట్లాడేవాళ్ళు కారు. మాట్లాడితే వాళ్ళ పాలు కూడా అనుమానిస్తారని భయం. ఎదురింటి పెద్దమ్మ మాత్రం చీకటితో గుమ్మంలో గ్లాసెడు పాలు పెట్టి పోయేది. పిలిచేది కాదు. అమ్మ అవి నాకూ నాయనమ్మకూ పోసేది, నాయనమ్మ పోయాక నాకే. తను ఒక చుక్క తాగడం నేను చూడలేదు. మజ్జిగ కూడా మానేసింది.

ఆ నేరం ఒక్కదాని మీదే పడ్డది కాబట్టి వ్యాను మళ్ళీ వచ్చింది. మా వీధి మూడు గేదెలూ సంఘంలోనే ఉన్నాయి. అమ్మ కోరుకున్నది జరిగింది. కానీ కొన్నేళ్ళే. ఒకరోజు వ్యాను రాలేదు. మర్నాడూ రాలేదు. ఊరు దూరం, పాలు తక్కువ, గిట్టుబాటు కావట్లేదని పై ఆఫీసులో తీర్మానించారట. ఈసారి ఎవరూ మీటింగ్ పెట్టలేదు, తెలిసి చేశారా తెలియక చేశారా అని ఎవరూ అడగలేదు. గేదెలు ఒక్కొక్కటే సంతకి పోయాయి. పెద్దమ్మ గేదె కూడా పోయిన రోజున ఆమె వచ్చి మా గుమ్మంలో కూలబడి ఏడ్చింది. అమ్మ చేట చేతిలో పట్టుకుని చెరుగుతూనే ఉంది. చేట కింద పెట్టి అంది:

"అయితే, ఆ అబద్ధం ఆడకపోయినా ఇట్టాగే అయిపోయేది."

అమ్మ ఆ సంగతి మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. పోయినప్పుడు ఊళ్ళోవాళ్ళకి ఆమె అసలు పేరు గుర్తులేదు. ఆ వీధి ఇప్పుడు లేదు, సంఘం వసారా లేదు. క్యాను ఎవరి దొడ్లో తుప్పు పట్టిందో తెలియదు.

"ఆంటీ, ఓకేనా? డాక్టర్‌కి కాల్ చేద్దామా?" ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని అడుగుతోంది.

ఏం లేదన్నాను. కుక్కర్ దించి, జున్ను ముక్కలు కోసి ఆ పిల్ల చేతిలో గిన్నె పెట్టాను. నిలబడే తింది. గిన్నె అడుగు గీకి మళ్ళీ చాపింది. మిగిలింది డబ్బాలో సర్ది, ఈసారి అటు వెళ్ళినప్పుడు ఆ పెద్దావిడకి ఇమ్మన్నాను. "ట్రక్ రాకపోవడంలో వాళ్ళ తప్పేం లేదని చెప్పమ్మా. నీ ఇంగ్లీషులో చెప్పు." ఎందుకు చెప్పమన్నానో ఆ పిల్లకి అర్థం కాలేదు. సరేనంది.

తర్వాత రెండో సీసా ఎత్తి కిటికీ వెలుగులో చూసింది. "ఇవి కొంచెం తెల్లగా ఉన్నాయాంటీ. ఇవి కూడా జున్నుపాలేనా? అయిపోయాయా? కాఫీకి వాడొచ్చా?"

"నాకు తెలీదమ్మా," అన్నాను.

నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఎవరూ నా వంక చూడలేదు. ఎవరి గేదే పోలేదు.

"తెలీకపోతే ఎలా?" అంది ఆ పిల్ల.

"కాచి చూడాలి."

చిన్న గిన్నెలో కాసిని పాలు పోసి స్టవ్ మీద పెట్టాను. మంట తగ్గించాను. ఇద్దరం గిన్నె మీదకి వంగి, విరుగుతాయో పొంగుతాయో అని చూస్తూ నిలబడ్డాం.